నలుగురిలో ఏడుపు రాకపోతే ఎలా అక్కా?

ప్రశ్న: అక్కా, నాకు 39 ఏళ్ళు. అమ్మ పోయి ఎనిమిది నెలలైంది. అన్నీ నేనే దగ్గరుండి చూసుకున్నాను, ఇప్పటిదాకా ఒక్కసారి కూడా గట్టిగా ఏడవలేదు. ఒళ్ళంతా బరువుగా, భుజాలు పట్టేసినట్టు ఉంటుంది. నా స్నేహితురాలు ఒక హీలింగ్ రిట్రీట్‌కి రమ్మంటోంది. అడవి అంచున అయిదు రోజులు, డాన్స్, కదలికలు, పదిహేను మంది దాకా ఉంటారట. నాకు డాన్స్ రాదు. పైగా ఒళ్ళు చేశాను, పదిమందిలో చేతులు ఊపాలంటేనే సిగ్గు. మా ఆయన "అయిదు రోజులు గెంతితే మీ అమ్మ తిరిగొస్తుందా" అన్నారు, నవ్వుతూనే. వాళ్ళ బ్రోచర్‌లో "శరీరంలో పేరుకున్న దుఃఖం పూర్తిగా కరిగిపోతుంది" అని ఉంది. అందరూ ఏడ్చి నేనొక్కదాన్నే రాయిలా కూర్చుంటే? వెళ్ళమంటారా? అమ్మ శాలువా ఒకటి నా దగ్గరుంది, ఇంకా ఆవిడ వాసనే వస్తోంది, అది తీసుకెళ్ళొచ్చా?

సమాధానం:

అక్కా అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను. వెళ్ళు. కానీ ఏడుద్దామని వెళ్ళకు, ఏదో కరిగించుకుని వద్దామని అసలే వెళ్ళకు. అయిదు రోజులు ఎవరికీ జవాబు చెప్పక్కర్లేకుండా నీ ఒంటిని నువ్వు కాస్త పట్టించుకోవడానికి వెళ్ళు. అంతకంటే ఎక్కువ జరిగితే సంతోషం, జరక్కపోతే కొంపలేం మునగవు. నీ స్నేహితురాలికి నా మాట చప్పగా అనిపిస్తుంది, అనిపించనీ.

ముందు ఆ ఏడుపు సంగతి తేల్చేద్దాం, ఉత్తరం మొత్తంలో నిన్ను సతాయిస్తున్నది అదే. ఏడవకపోతే దుఃఖం లోపలే ఉండిపోయి ఎప్పుడో జబ్బై బయటపడుతుందని మనందరికీ ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. కొలంబియా యూనివర్సిటీలో జార్జ్ బొనానో అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఆప్తుల్ని పోగొట్టుకున్నవాళ్ళ మీద దశాబ్దాలుగా పరిశోధన చేస్తున్నాడు. ఆయన చూసినవాళ్ళలో చాలామంది బాధపడుతూనే తమ పనులు తాము చేసుకుంటూ నిలదొక్కుకున్నారు, అలా నిలదొక్కుకున్నవాళ్ళలో దాచిన దుఃఖం ఏళ్ళ తర్వాత బద్దలైన దాఖలాలు ఆయనకి దాదాపుగా దొరకలేదు. కాబట్టి కళ్ళు తడవలేదని నీకు నువ్వు శిక్ష వేసుకోకు. అమ్మ మందులు, ఆస్పత్రి కాగితాలు, తర్వాత బ్యాంకు కాగితాలు, వచ్చేపోయేవాళ్ళు, ఇదంతా చూసుకున్నదానివి, కూర్చుని ఏడవడానికి నీకు తీరిక ఎక్కడ దొరికింది?

అయితే ఒకటి అడుగుతాను, నిజం చెప్పుకో. వారాల తరబడి నిద్ర లేకపోవడం, బతకాలని లేదనిపించడం, గుండె దడతో ఉన్నట్టుండి ఊపిరాడకపోవడం, ఆస్పత్రిలో చూసినవి పదే పదే కళ్ళముందు తిరగడం, ఇలాంటివి ఏమైనా ఉన్నాయా? ఉంటే ముందు డాక్టర్, తర్వాతే అడవి. దుఃఖం ఎన్నాళ్ళుంటే వైద్యం కావాలన్నదానికి కూడా ఒకే గడువు లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా కనీసం ఆరు నెలలు అంటుంది, అమెరికా సైకియాట్రిస్టులు పెద్దవాళ్ళకి ఏడాది అంటారు. ఇద్దరూ క్యాలెండర్ ఒక్కటే చూడరు, రోజు గడుస్తోందా లేదా అన్నది చూస్తారు. నీ ఉత్తరం చూస్తే నీకు రోజు గడుస్తోంది, బరువుగా గడుస్తోంది.

ఇక బ్రోచర్. శరీరంలో పేరుకున్న దుఃఖం కరిగిపోతుందట! దుఃఖం తుంటి కీళ్ళలో ఉంటుందని, భుజాల్లో ఉంటుందని చెప్పేవాళ్ళు ఈ రంగంలో చాలామంది, విని విని నాకు చెవులు చిల్లులు పడ్డాయి. కీలు కోసి చూస్తే అక్కడ దుఃఖం ఏమీ కనబడదు. ఉన్నమాట ఇంతే: టెన్షన్‌లో ఉన్న మనిషి భుజాలు తనకి తెలియకుండానే పైకి లేస్తాయి, దవడ బిగుస్తుంది, ఊపిరి పైపైనే ఆడుతుంది. నెలల తరబడి అలాగే ఉంటే అదే మామూలైపోతుంది. నువ్వు ఇది చదువుతూ ఒకసారి నీ భుజాలు చూసుకో, ఎక్కడున్నాయి? కదలిక ఆ అలవాటుని కాస్త వదులు చేస్తుంది. నా దృష్టిలో అది చాలు, దానికి పెద్ద పెద్ద మాటలు తగిలించక్కర్లేదు.

ఈ పద్ధతులు మొన్నమొన్న పుట్టిన ఫ్యాషనేం కాదు. 1942లో మరియన్ చేస్ అనే డాన్సర్ వాషింగ్టన్‌లోని సెయింట్ ఎలిజబెత్స్ మానసిక వైద్యశాలలో రోగులతో పనిచెయ్యడం మొదలుపెట్టింది. వాళ్ళలో మాట్లాడని వాళ్ళు, మాట్లాడలేని వాళ్ళు చాలామంది. ఆవిడ వాళ్ళకి స్టెప్పులు నేర్పలేదు. ఎవరు ఎలా కదిలితే తనూ అలాగే కదిలేది, ఒకరు కాలు తాటిస్తే తనూ తాటించేది, అలా మాట లేకుండానే పలకరింపు కుదిరేది. 1966లో అమెరికాలో డాన్స్ థెరపీ సంఘం పెట్టినప్పుడు మొదటి అధ్యక్షురాలు ఆవిడే. తర్వాత 1950లలో మేరీ వైట్‌హౌస్ అనే ఇంకో డాన్సర్ వేరే దారి పట్టింది. ఒకరు కళ్ళు మూసుకుని లోపలినుంచి వచ్చిన కదలికని రానిస్తారు, ఇంకొకరు పక్కన సాక్షిగా కూర్చుంటారు, అంతే. ఇక డాన్స్‌ని చెట్ల కిందికి తీసుకొచ్చిన ఘనత ఆనా హాల్‌ప్రిన్ అనే డాన్సర్‌ది. కాలిఫోర్నియాలో ఇంటి పక్కనే చెట్ల మధ్య ఆవిడ భర్త లారెన్స్ 1950లలో ఒక చెక్క వేదిక కట్టించాడు, నాలుగు గోడలూ పైకప్పూ లేని స్టూడియో అది. 1972లో ఆవిడకి క్యాన్సర్ అని తెలిసింది. ఆపరేషన్ అయింది, తర్వాత తిరగబెట్టింది కూడా. అప్పటినుంచి జబ్బుపడ్డవాళ్ళతో డాన్స్ చేయించడమే ఆవిడ పనిలో పెద్ద భాగమైంది. 2021లో నూరేళ్ళు నిండాక పోయింది. డాన్స్ వల్ల క్యాన్సర్ పోయిందని నీకెవరైనా ఆవిడ పేరు చెప్పి నమ్మించబోతే, ఆపరేషన్ సంగతి గుర్తుచెయ్యి.

ఈ ముగ్గురి పనిలో ఎక్కడా "డాన్స్ రావాలి" అని లేదు, గమనించు. ఇంకా చెప్పాలంటే డాన్స్ నేర్చుకున్నవాళ్ళకే కొంచెం కష్టం, వాళ్ళకి అందంగా కనబడే అలవాటు ఒక పట్టాన పోదు.

నేను రెండుసార్లు వెళ్ళాను, రెండూ చెబుతాను. మొదటిది ఏ చోటో, ఎవరిదో అనవసరం. పాతిక మందిమి. నడిపించే ఆయన చెవికి మైకు తగిలించుకుని, వేగంగా ఊపిరి పీల్చమని, "వదిలెయ్యండి, లోపలున్నదంతా వదిలెయ్యండి" అని ఒకటే అరుపు. పది నిమిషాల్లో ఒకరు మొదలుపెట్టారు, పూనకం వచ్చినట్టు వరసగా అందరూ అందుకున్నారు. నా పక్కనున్న అమ్మాయికి పాతికేళ్ళు కూడా ఉండవు, వేళ్ళు కొంకర్లు పోయాయి, బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుపోయింది, పెదాలు తిమ్మిరెక్కాయంటోంది, మొహం తెల్లబోయింది. ఆయన వచ్చి చూసి "ఎనర్జీ కదులుతోంది, ఆపొద్దు" అన్నాడు. ఎనర్జీ కాదు ఏమీ కాదు. అవసరానికి మించి వేగంగా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది, దానివల్ల రక్తంలో నరాలకి, కండరాలకి అందే కాల్షియం తగ్గి చేతులు అలా వంకర్లు పోతాయి. ఊపిరి మామూలుగా తీస్తే కాసేపట్లో సర్దుకుంటుంది. సర్దుకుంది కూడా, కానీ ఆ పిల్ల రాత్రంతా భయపడుతూనే ఉంది. ఇంతకీ నేనేం చేశానంటావా? నాకు కన్నీళ్ళు రాలేదు. అందరూ చూస్తున్నారని అరచేత్తో మొహం తుడుచుకుని ఏడ్చినట్టు నటించాను. ఇన్నేళ్ళలో ఇది ఎవరికీ చెప్పలేదు, నీ ఉత్తరం చూసి చెబుతున్నాను.

రెండోది చిన్న గుంపు, ఎనిమిది మందిమే. నడిపించే ఆవిడ మొదటి రోజే ఒక మాట చెప్పింది: "ఏ సెషన్‌లోనైనా కూర్చోవచ్చు, పడుకోవచ్చు, లేచి వెళ్ళొచ్చు. వెళ్తే కనబడేంత దూరంలో ఉండండి, కారణం చెప్పక్కర్లేదు." అరవై దాటిన ఒకాయన రెండు రోజులూ ఒక మొద్దు మీద కూర్చునే ఉన్నారు. ఎవరూ పలకరించి లాక్కురాలేదు. మూడోరోజు జంటలుగా చేస్తున్నప్పుడు ఆయనకి సాక్షిని నేను. కళ్ళు మూసుకున్నారు. చాలాసేపు ఏమీ లేదు, గాలికి ఆకులు తప్ప. తర్వాత కుడిచెయ్యి మెల్లగా లేచి మోకాలి మీదకొచ్చి, ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ. పది నిమిషాలు అదే. అయ్యాక నేను చూసింది మాత్రమే చెప్పాలి, అర్థం చెప్పకూడదు, అది నియమం. ఇస్త్రీ చేస్తున్నట్టుందని నాలుక చివరిదాకా వచ్చింది, మింగేశాను. "మీ అరచెయ్యి మోకాలి మీద ముందుకీ వెనక్కీ వెళ్ళింది, చివర్లో ఆగి కాస్త నొక్కింది" అన్నాను. ఆయన తలూపారు. మర్నాడు నడుస్తూ నడుస్తూ ఆయనే అన్నారు, దుప్పటి ముడతలు సరిచేస్తున్నానమ్మా అని. ఎవరి మంచం మీది దుప్పటో నేను అడగలేదు.

అందుకే నువ్వు డబ్బు కట్టేముందు వాళ్ళని అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: "ఒక సెషన్ మొత్తం నేను చెట్టు కింద కూర్చుంటే ఏమంటారు?" జవాబులో మాటలకంటే గొంతు విను. "తప్పకుండా కూర్చోండి" అని వెంటనే అంటే మంచి గుర్తు. "కూర్చుంటే ఫలితం రాదండీ, మీరు మనసు విప్పాలి, మీలో రెసిస్టెన్స్ ఉన్నట్టుంది" అని మొదలుపెడితే ఫోన్ పెట్టేసి ఆ డబ్బుతో ఇంకేదైనా చేసుకో. ఇది నా పిచ్చి అనుమానం అనుకోకు. 1960ల చివర్లో స్టాన్‌ఫర్డ్‌లో లీబర్‌మన్, యాలోమ్, మైల్స్ అనే ముగ్గురు పరిశోధకులు ఇలాంటి, అంటే మనసులోది నలుగురి ముందూ బయటపెట్టించే, "ఎన్‌కౌంటర్ గ్రూపు"ల్లో చేరిన రెండొందల మందికి పైగా విద్యార్థుల్ని గమనించారు. కొందరికి మేలు జరిగింది. కొందరు మాత్రం దెబ్బతిన్నారు, నెలల తర్వాత కూడా కోలుకోలేదు, వాళ్ళు నూటికి ఎనిమిది మంది దాకా తేలారు. ఆ దెబ్బలు ఎక్కువగా తగిలింది మనిషి మీద పడి రెచ్చగొట్టి, వెంటనే బయటపెట్టమని ఒత్తిడి చేసే లీడర్ల దగ్గర. మైకాయన లాంటివాళ్ళ దగ్గరన్నమాట.

మిగతా ప్రశ్నలు కూడా మొహమాటపడకుండా అడిగెయ్. నడిపించేవాళ్ళు ఏం చదివారు? డాన్స్ మూవ్‌మెంట్ థెరపిస్ట్ అనిపించుకోవాలంటే అమెరికా, బ్రిటన్‌లలో పీజీ స్థాయి చదువు, పర్యవేక్షణలో శిక్షణ ఉండాలి. వారాంతపు కోర్సు చేసి క్లాసులు నడిపేవాళ్ళూ ఉంటారు, అందులో తప్పేం లేదు, కానీ వాళ్ళు థెరపీ అనే మాట వాడకూడదు. తాకే ముందు అడుగుతారా? ఎవరికైనా బాగా లేకపోతే రాత్రిపూట ఎవరు మెలకువగా ఉంటారు, ఆస్పత్రికి ఎంత దూరం, బండి ఉందా? ఫోన్ లాక్కుంటారా? సెషన్‌లో ఫోన్ వద్దంటే సరే, అయిదు రోజులూ తాళం వేసి పెడతామంటే ఒప్పుకోకు. నువ్వు ఏవైనా మందులు వేసుకుంటుంటే ఎవరు చెప్పినా ఆపొద్దు.

నిజంగా పనిచేస్తుందా అంటే, ఉన్నమాట చెబుతాను. డిప్రెషన్‌కి డాన్స్ థెరపీ మీద 2015లో, వైద్య అధ్యయనాల్ని జల్లెడపట్టే కాక్రేన్ సంస్థ వాళ్ళు వెతికితే లెక్కలోకి తీసుకోదగ్గ అధ్యయనాలు మూడే దొరికాయి, అన్నీ కలిపి 147 మంది, గట్టిగా ఏమీ చెప్పలేమన్నారు. 2024లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాయామం మీద 218 అధ్యయనాలు కలిపి చూస్తే డాన్స్‌కి ఫలితం బాగా కనబడింది, కానీ అందులో డాన్స్ మీద జరిగినవి కొన్నే. పైగా అవన్నీ డిప్రెషన్ మీద, నీది దుఃఖం, రెండూ ఒకటి కాదు. చెట్ల సంగతి కాస్త మెరుగు. 2015లో స్టాన్‌ఫర్డ్‌లో 38 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుని పచ్చిక మైదానాల్లో, ఇంకో గుంపుని రద్దీ రోడ్డు పక్కన గంటన్నర నడిపించారు. పచ్చికలో నడిచినవాళ్ళలో ఒకే ఆలోచన గింగిరాలు తిరగడం కొంత తగ్గింది, రోడ్డు పక్క నడిచినవాళ్ళలో తగ్గలేదు. చిన్న అధ్యయనమే. అయినా ఎగుడుదిగుడు నేల మీద ఎప్పుడైనా కళ్ళు మూసుకుని నాలుగడుగులు వేశావా? మడమ ప్రతి అడుక్కీ సర్దుకోవాలి, మనసు చచ్చినట్టు పాదాల దగ్గరికి వస్తుంది, "అప్పుడే ఇంకో డాక్టర్‌కి చూపించి ఉంటేనో" అనే ఆలోచనకి ఆ నాలుగడుగుల సేపు చోటుండదు.

సిగ్గు అన్నావు చూడు, అది మొదటిరోజు ఉంటుంది, అందరికీ ఉంటుంది. సన్నగా ఉన్నవాళ్ళకి లేదనుకోకు. సగం సెషన్లు కళ్ళు మూసుకునే జరుగుతాయి, నిన్ను చూసే తీరిక ఎవరికీ ఉండదు. వదులు బట్టలు, చెమట పీల్చేవి, మోకాళ్ళు ఆనించడానికి ఒక మందపాటి తువ్వాలు పెట్టుకో. వట్టికాళ్ళతో నేల తాకమంటారు. తాకు, కానీ ముందు ఆ చోటు కళ్ళతో చూసుకుని, ముళ్ళూ గాజుపెంకులూ లేవనుకున్నాకే. మొదటిరాత్రి నిద్ర సరిగ్గా పట్టకపోతే కంగారుపడకు. కొత్త చోట మొదటి రాత్రి మెదడులో ఒక సగం రెండోదాని అంత గాఢంగా నిద్రపోదని, కాపలా కాసినట్టు చిన్న చప్పుడుకే లేస్తుందని బ్రౌన్ యూనివర్సిటీ వాళ్ళు 2016లో చూపించారు. కాబట్టి మొదటిరోజు చిరాకుని బట్టి "ఇది నాకు పడదు" అని తేల్చెయ్యకు, రెండోరోజు సాయంత్రం దాకా చూడు.

తిరిగొచ్చాక సంగతి బ్రోచర్లలో రాయరు. వచ్చిన రెండు మూడు రోజులు గాల్లో తేలినట్టుంటుంది, అందరూ మంచివాళ్ళలా కనబడతారు, ఆ గుంపులో మెసేజ్‌లు మోగుతూనే ఉంటాయి. తర్వాత ఒక పొద్దున లేచేసరికి అంతా దిగిపోతుంది, వెళ్ళకముందు కంటే బరువుగా అనిపించినా అనిపించొచ్చు. ఏడుపు అప్పుడొచ్చినా రావొచ్చు, బట్టలు మడతపెడుతూనో, లిఫ్ట్‌లోనో. వస్తే రానీ. ఉద్యోగం మానేద్దాం, అమ్మ వస్తువులన్నీ పంచేద్దాం లాంటి నిర్ణయాలు ఆ రెండు వారాలూ పెట్టుకోకు. రాగానే మర్నాడే ఆఫీసుకి పరిగెత్తకుండా ఒకరోజు సెలవు ఉంచుకో. వీళ్ళే "లెవెల్ 2" అని ఫోన్ చేస్తే నెల తర్వాత చెబుతానను. ఇంకోటి, ఇంగ్లండ్‌లో దాదాపు ఇరవై వేల మంది వివరాలు చూసిన 2019 అధ్యయనం ఒకటుంది, వారానికి రెండు గంటలు చెట్టూ చేమా మధ్య గడిపేవాళ్ళు తమ ఆరోగ్యం, మనసు బాగున్నాయని ఎక్కువగా చెప్పారు. ఆ రెండు గంటలూ ఒకేసారైనా, రోజూ కాస్త కాస్తైనా తేడా లేదు. కాబట్టి అయిదు రోజుల తర్వాత ఇంటి దగ్గర పార్కు ఉంటే అదే నీ లెవెల్ 2, అది ఉచితం.

మీ ఆయన మాట మీద నాకు కోపం రాలేదు. తిరిగిరాదు, నిజమే కదా. ఆయనకి కూడా అత్తగారు పోయారు, ఎనిమిది నెలలుగా నువ్వు మౌనంగా ఇల్లంతా తిరుగుతుంటే ఏం చెయ్యాలో తెలియక జోకేసి ఉంటారు. "తిరిగిరాదని తెలుసు, నా భుజాలు నొప్పిగా ఉన్నాయి, అందుకు వెళ్తున్నా" అని చెప్పు. నొప్పి అంటే మగవాళ్ళకి తొందరగా అర్థమవుతుంది, దుఃఖం అంటే కొంచెం ఆలస్యం.

శాలువా తీసుకెళ్ళు. చాలా చోట్ల ఒక సాయంత్రం "మీకు ప్రియమైన వస్తువు తెచ్చి మధ్యలో పెట్టండి, దాని గురించి చెప్పండి" అంటారు. నీకు పెట్టాలనిపిస్తే పెట్టు, లేకపోతే దాన్ని సంచీలోంచి తియ్యనే తియ్యకు, ఒక పుల్లో రాయో పెట్టి ఊరుకో, ఎవరికీ తెలియదు. రాత్రి మంట వేస్తారు, దాని దగ్గరికి మాత్రం కప్పుకుని వెళ్ళకు, పొగ వాసన పట్టేస్తే ఇక ఆ వాసన దొరకదు. జిప్ ఉన్న కవర్‌లో మడతపెట్టి, గాలి తీసేసి, సంచీలో అన్నిటికంటే అడుగున పెట్టుకో.